నీడలు లేని చిత్రాన్ని కూడా ఫిల్మ్ నువార్ అనవచ్చా?

మూడోవరుస (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. కొన్ని నెలలుగా 1940ల నాటి అమెరికన్ నేరకథా చిత్రాలను వరుసగా చూస్తున్నాను. ఫిల్మ్ నువార్ అనగానే అందరిలాగే నా కళ్ళ ముందు మెదిలేవి వానకు తడిసిన వీధి, గోడ మీద కిటికీ పట్టీల చారలు, టోపీ అంచు కింద సగమే కనిపించే ముఖం. ఈ గుర్తులను పట్టుకుని చూస్తూ వచ్చిన నాకు, నువార్ జాబితాల్లో తరచుగా కనిపించే 'లీవ్ హర్ టు హెవెన్' (1945) దగ్గర లెక్క తప్పింది. అది టెక్నికలర్‌లో తీసిన రంగుల చిత్రం. అందులో ఒళ్ళు జలదరించే ఘట్టం పట్టపగలు, చెట్ల నడుమ, నిశ్చలంగా ఉన్న సరస్సులో జరుగుతుంది. జీన్ టియర్నీ పోషించిన ఎలెన్ పడవలో కూర్చుని ఉంటుంది. పోలియో నుంచి ఇంకా పూర్తిగా కోలుకోని ఆమె మరిది ఈదలేక, కేకలు వేస్తూ మునిగిపోతూ ఉంటే, ఆమె నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, కూర్చున్న చోటు నుంచి కదలకుండా చూస్తూ ఉంటుంది. ఆ దృశ్యంలో చీకటి కోసం వెతికితే ఆ కళ్ళద్దాల్లో తప్ప ఎక్కడా దొరకదు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ 'క్యాట్ పీపుల్' (1942). దాని దర్శకుడు జాక్ టూర్నర్, ఛాయాగ్రాహకుడు నికొలస్ మూసురాకా. ఈతకొలనులో ఒంటరిగా చిక్కుకున్న అమ్మాయి చుట్టూ గోడల మీదా పైకప్పు మీదా నీటి వెలుగు కదలాడే ఆ దృశ్యంలో ఉన్నంత నీడ చాలా నువార్ చిత్రాల్లో కూడా లేదు. అయినా దానిని భయానక చిత్రాల వరుసలోనే పెడతారు. అయిదేళ్ళ తరువాత ఆ ఇద్దరే కలిసి తీసిన 'అవుట్ ఆఫ్ ది పాస్ట్' (1947) మాత్రం నువార్‌కు మేలిమి ఉదాహరణ అంటారు. చేతులు అవే, నీడలు అవే, పేరు మాత్రం వేరు.

అందుకే అడుగుతున్నాను. నువార్ అనేది ఒక దృశ్యశైలా, ఒక కథాజాతా, లేక ఒక కాలపు చిత్రాలన్నింటికీ తరువాతివాళ్ళు తగిలించిన చీటీయా? జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు తమ వెంట ఈ నీడలను తెచ్చారనే మాటనూ, డబ్బు చాలక దీపాలు తగ్గిస్తే అదే శైలిగా స్థిరపడిందనే మాటనూ చాలా చోట్ల చదివాను. వీటిలో ఎంత నిజముందో తెలిసినవారు వివరిస్తే సంతోషిస్తాను.

పాతరీలు

మీ మూడు ఊహల్లో చివరిదానితో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే పేరు సంగతి తేలితే మిగిలిన చిక్కులో సగం విడిపోతుంది. ఈ చిత్రాలను కన్నవారు ఒకరు, పేరు పెట్టినవారు మరొకరు. 1943లో దర్శకుడు బిల్లీ వైల్డర్ 'డబుల్ ఇండెమ్నిటీ' తీస్తున్నప్పుడు హాలీవుడ్‌లో ఎవరూ తాము ఫిల్మ్ నువార్ తీస్తున్నామని అనుకోలేదు. స్టూడియోలూ పత్రికలూ వాటిని క్రైమ్ మెలోడ్రామాలనీ, థ్రిల్లర్లనీ, హత్యాకథలనీ పిలిచేవి.

పేరు పుట్టింది పారిస్‌లో. జర్మన్ ఆక్రమణ కాలంలో అక్కడ కొత్త అమెరికన్ చిత్రాల ప్రదర్శన నిలిచిపోయింది. యుద్ధం ముగిశాక, 1946 వేసవిలో, అన్నేళ్ళ సరుకూ ఒక్కసారిగా వచ్చిపడింది. 'ది మాల్టీస్ ఫాల్కన్' (1941), 'లారా', 'మర్డర్, మై స్వీట్', 'డబుల్ ఇండెమ్నిటీ', 'ది ఉమన్ ఇన్ ది విండో' (ఈ నాలుగూ 1944) కొద్ది వారాల వ్యవధిలో పారిస్ తెరల మీదికి వచ్చాయి. అమెరికన్ ప్రేక్షకుడు మధ్యమధ్యన సంగీత చిత్రాలూ, యుద్ధ చిత్రాలూ, హాస్య చిత్రాలూ చూస్తూ నాలుగేళ్ళ పాటు విడివిడిగా చూసినవాటిని పారిస్ విమర్శకుడు ఒక్క ఊపులో చూశాడు. విడిగా ఉన్నప్పుడు కనబడని పోలిక పక్కపక్కన పెట్టినప్పుడు కనబడింది. అదే ఏడాది ఆగస్టులో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు 'లెక్రాఁ ఫ్రాంసే' పత్రికలో రాసిన వ్యాసంలో వీటిని 'నల్ల చిత్రాలు' అనే అర్థంలో ఫిల్మ్ నువార్ అన్నాడు. గాలిమార్ ప్రచురణ సంస్థ 1945లో 'సెరీ నువార్' పేరుతో నల్ల అట్టల నేరకథల వరుసను మొదలుపెట్టి ఉండటం వల్ల ఆ విశేషణం అప్పటికే ఫ్రెంచి పాఠకుల చెవికి అలవాటైన మాటే. 1955లో రేమాఁ బోర్డ్, ఎటియెన్ షోమెటోఁ అనే ఇద్దరు అమెరికన్ నువార్ మీద పూర్తి పుస్తకమే రాశారు. అమెరికాలో ఆ మాట విరివిగా వాడుకలోకి వచ్చింది 1970ల్లోనే. అమెరికన్ విమర్శకుడు పాల్ ష్రేడర్ 1972లో రాసిన వ్యాసం అందుకు ముఖ్యమైన దారి వేసింది. నువార్‌ను కథాజాతిగా కాక స్వరంగా, వాతావరణంగా గుర్తించాలన్నది ఆయన వాదం.

ఒక్క మాట గమనించండి. ఫ్రాంక్ ప్రధానంగా మాట్లాడింది నీడల గురించి కాదు. పాత డిటెక్టివ్ కథల్లో హంతకుడెవరన్నదే ప్రశ్న అయితే, ఈ చిత్రాల్లో మనుషుల స్వభావమూ వారి ప్రవర్తనా ముందుకు వచ్చాయన్నదే ఆయన గమనించిన కొత్తదనం. అందువల్ల 'లీవ్ హర్ టు హెవెన్' గురించి మీకు కలిగిన సందేహం ఆయనకు కలిగేది కాదేమో. నీడలే నువార్ అన్న నిర్వచనం తరువాత బలపడింది. మనం ఆ తరువాతి నిర్వచనంతో వెనక్కి చూస్తున్నాము.

కటకం

పాతరీలు గారు పేరు చరిత్ర చక్కగా చెప్పారు. అయితే నీడల పాత్రను అంత తేలికగా పక్కకు నెట్టడం నాకు మింగుడుపడలేదు. కొంతకాలం కెమెరా విభాగంలో దీపాల పని చేసినవాణ్ణి కనుక ఆ వైపు నుంచి చెబుతాను.

స్టూడియో పద్ధతిలో ఒక ముఖానికి మూడు దీపాలు పెడతారు. కీ లైట్ ఒక పక్క నుంచి ముఖానికి ఆకారం ఇస్తుంది. ఫిల్ లైట్ రెండో పక్కన పడిన నీడను మెత్తబరుస్తుంది. బ్యాక్ లైట్ మనిషిని వెనుక గోడ నుంచి విడదీస్తుంది. సంగీత చిత్రంలోనో హాస్య చిత్రంలోనో రెండు చెంపల మధ్య వెలుగు తేడా రెండింతలకు మించకుండా చూస్తారు. ఫిల్ లైట్‌ను తగ్గించుకుంటూ పోయి ఆ తేడాను ఎనిమిదింతలకు, అంటే మూడు స్టాపులకు (ఒక్కో స్టాపుకు వెలుగు రెండింతలవుతుంది) తీసుకువెళితే, ముఖంలో ఒక సగం మనకు తెలియని ప్రదేశంగా మారుతుంది. దీనినే లో-కీ అంటారు. ఒక దీపం ఆపేస్తే పని తగ్గుతుందని బయటివారు అనుకుంటారు, కానీ జరిగేది అందుకు విరుద్ధం. నీడ నీడగా ఉండాలంటే గోడల నుంచి, నేల నుంచి, పక్క దీపాల నుంచి ఒలికే ప్రతి వెలుగునూ నల్ల పలకలు అడ్డుపెట్టి కోసివేయాలి. నటుడు గుర్తు పెట్టిన చోటుకు జానెడు అటు నిలబడినా కళ్ళు చీకటిలోకి వెళ్ళిపోతాయి.

కిటికీ చారల సంగతీ అంతే. నేను మొదటిసారి ఆ ప్రయత్నం చేసినప్పుడు, ముఖాల మీద బాగుంటుంది కదా అని పెద్ద మెత్తటి దీపాన్ని పట్టీల వెనుక పెట్టాను. గోడ మీద చారలకు బదులు బూడిద రంగు మరక ఒకటి పడింది. చార పదునుగా రావాలంటే దీపం చిన్నదై, దూరంగా ఉండాలి, పట్టీలు గోడకు దగ్గరగా ఉండాలి. 'డబుల్ ఇండెమ్నిటీ'లో జాన్ సైట్జ్ ఇంకొక అడుగు ముందుకు వేసి, మధ్యాహ్నపు ఎండ మూసిన గదిలోకి జొరబడే ఘట్టంలో, మెత్తటి అల్యూమినియం రేణువులను గాలిలోకి వదిలి దుమ్ములా మెరిపించాడు. బయట కాలిఫోర్నియా ఎండ కాస్తూ ఉండగా, లోపల ఎన్నాళ్ళుగానో తలుపులు తెరవని ఇంటి వాసన ఆ దుమ్ము వల్లనే తెలుస్తుంది.

ఇక జర్మన్ నీడల మాట. దర్శకుల విషయంలో అది చాలావరకు నిజం. ఫ్రిట్జ్ లాంగ్, వైల్డర్, రాబర్ట్ సియోడ్‌మాక్, ఒట్టో ప్రెమింజర్, ఎడ్గర్ ఉల్మర్ అందరూ వియన్నా, బెర్లిన్ రంగస్థలాల నుంచి, స్టూడియోల నుంచి వచ్చినవారే, వారిలో పలువురు హిట్లర్ అధికారానికి వచ్చాక దేశం విడిచినవారే. కానీ దీపం పట్టిన చేతులను చూడండి. సైట్జ్ షికాగోలో పుట్టినవాడు. మూసురాకా ఇటలీలో పుట్టి చిన్ననాడే అమెరికా చేరినవాడు. 'టి-మెన్' (1947), 'ది బిగ్ కాంబో' (1955) చిత్రాలకు పనిచేసిన జాన్ ఆల్టన్ హంగరీలో పుట్టి, హాలీవుడ్‌లోనూ అర్జెంటీనాలోనూ పని నేర్చినవాడు. నీడలకు పేరుపడ్డ జర్మన్ చిత్రం 'డాక్టర్ కాలిగరి' (1920) రావడానికి అయిదేళ్ళ ముందే, 1915లో, సెసిల్ బి. డెమిల్ 'ది చీట్' చిత్రంలో ఒక పక్క నుంచే వెలుగు వేసి మిగిలినదంతా నలుపులో వదిలేశాడు. అప్పట్లో దానిని రెంబ్రాండ్ వెలుగు అనేవారు. జర్మన్ ప్రభావం లేదని నేను అనడం లేదు. అది ఖాళీ ఇంట్లోకి రాలేదు అంటున్నాను.

డబ్బు విషయం మరింత చిక్కైనది. 1942లో అమెరికన్ యుద్ధోత్పత్తి మండలి ఒక్కొక్క చిత్రానికి కొత్త సెట్ల సామగ్రి ఖర్చును 5,000 డాలర్లకు పరిమితం చేసింది. పాత గోడలనే మళ్ళీ వాడుకోవలసి వచ్చినప్పుడు వాటిని చీకటిలో దాచడం తెలివైన పనే. చిన్న సంస్థల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఉల్మర్ తీసిన 'డిటూర్' (1945)లో న్యూయార్క్ వీధి అంటే దాదాపుగా పొగమంచూ ఒక దీపస్తంభమూ మాత్రమే. కథానాయకుడు దారిలో కార్లు ఆపి ఎక్కే చోట నెగటివ్‌ను తిరగేసి వాడటంతో, డ్రైవర్ కుడివైపు కూర్చుని కనిపిస్తాడు. ఈ పొరపాటును ఎవరూ దాచే ప్రయత్నం చేయలేదు. కానీ 'డబుల్ ఇండెమ్నిటీ' పారమౌంట్ వారి ప్రతిష్ఠాత్మక చిత్రం, ఏడు ఆస్కార్ నామినేషన్లు పొందినది. దానికి దీపాల కొరత లేదు. కనుక పేదరికం నీడకు ఒక కారణం మాత్రమే. పేదరికం లేని చోట కూడా అదే నీడ వేశారంటే, దానితో చెప్పదలచుకున్నది ఏదో ఉండబట్టే.

ఆల్టన్ పని చూస్తే ఈ రెండూ కలిసే చోటు దొరుకుతుంది. 'ది బిగ్ కాంబో' చివరి ఘట్టం విమానాల షెడ్డులో జరుగుతుంది. అక్కడ మనకు కనిపించేది పొగమంచు, వెనుక నుంచి వచ్చే వెలుగు, నల్లని రెండు ఆకారాలు మాత్రమే. సెట్టు ఖర్చు ఎంతో మిగిలింది, నిజమే. అయితే ముఖాలు చూపించి ఉంటే ఆ స్త్రీ ఆ పురుషుడితో కలిసి వెళుతోందా, విడిగా వెళుతోందా అన్న సందేహం మనకు మిగిలేది కాదు.

మూడోవరుస

ఇద్దరికీ ధన్యవాదాలు. కటకం గారి వివరణ చదివాక నాకు కొత్త చిక్కు ఒకటి వచ్చింది. నీడ దేనినో చెప్పడానికి వాడిన పరికరం అన్నారు. అయితే అది చెప్పేదేమిటి? ఆ 'దేనినో' అన్నది పట్టుకుంటే, అదే విషయాన్ని ఎండలో చెప్పిన చిత్రాన్ని గుర్తుపట్టడం సులువవుతుంది కదా. 'లీవ్ హర్ టు హెవెన్'కు లియోన్ షామ్‌రాయ్ రంగుల ఛాయాగ్రహణంలో ఆస్కార్ పొందాడు. కనుక అక్కడి ఎండ తెలియక వేసినదైతే కాదు.

నిశీధి

మూడోవరుస గారు సరైన చోటనే వేలు పెట్టారు. నా అభిప్రాయంలో నువార్‌ను గుర్తుపట్టవలసింది వెలుగును బట్టి కంటే ముందు కాలాన్ని బట్టి. కథ కంచికి, మనం ఇంటికి అంటాము. నువార్‌లో కథ కంచికి చేరిన తరువాతే మొదలవుతుంది.

'డబుల్ ఇండెమ్నిటీ' ఎలా తెరుచుకుంటుందో గుర్తు చేసుకోండి. గుండు దెబ్బ తిన్న వాల్టర్ నెఫ్ అర్ధరాత్రి దాటాక తన బీమా కార్యాలయానికి చేరి, మాటలను రికార్డు చేసే డిక్టాఫోన్ ముందు కూర్చుని, సహోద్యోగి అయిన క్లెయిముల అధికారి కీస్‌ను ఉద్దేశించి నేరాంగీకారం మొదలుపెడతాడు. దానికి అతడు పెట్టే శీర్షిక మామూలు కార్యాలయ పత్రానికి పెట్టేదే: తేదీ 1938 జూలై 16, ఫలానావారి నుంచి ఫలానావారికి. డబ్బు కోసమూ ఒక స్త్రీ కోసమూ హత్య చేశాననీ, ఆ రెండూ దక్కలేదనీ మొదటి నిమిషాల్లోనే చెప్పేస్తాడు. ఇక మనం చూసే గంటన్నర పైచిలుకు కథలో ఏం జరుగుతుందన్న ఉత్కంఠకు తావు లేదు. నెఫ్ ఆ ఇంటి తలుపు తట్టినప్పుడు, ఆమె మెట్లు దిగి వచ్చినప్పుడు, అతడు చమత్కారంగా మాట్లాడినప్పుడు, అతడికి తెలియనిది మనకు తెలుసు. 'సన్‌సెట్ బూలవార్డ్' (1950)లో ఇది పరాకాష్ఠకు చేరి, ఈతకొలనులో తేలే శవమే కథ చెబుతుంది. మొదట ఆ చిత్రాన్ని శవాగారంలో శవాలు మాట్లాడుకునే దృశ్యంతో ప్రారంభించారు. ముందస్తు ప్రదర్శనలో జనం నవ్వడంతో దానిని తీసివేశారు.

ఈ పద్ధతి వెనుక సెన్సారు హస్తం కూడా ఉందని నా నమ్మకం. 1934 నుంచి జోసెఫ్ బ్రీన్ కార్యాలయం నిర్మాణ నియమావళిని కఠినంగా అమలు చేసింది. నేరం చేసినవాడు తప్పించుకుపోయినట్టు చూపడానికి వీలు లేదు. జేమ్స్ ఎం. కెయిన్ రాసిన 'ది పోస్ట్‌మ్యాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్' నవల హక్కులను ఎంజీఎం సంస్థ 1934లో కొని కూడా 1946 దాకా చిత్రంగా విడుదల చేయలేకపోయింది. అతడి 'డబుల్ ఇండెమ్నిటీ' కూడా 1930ల మధ్యలో ఇలాగే ఆగిపోయింది. వైల్డర్, రేమండ్ చాండ్లర్ కలిసి దానిని 1943లో చిత్రకథగా మలిచినప్పుడు, ముగింపు ఎలాగూ శిక్షే కావాలి కనుక, ఆ శిక్షను దాచిపెట్టి చివర్లో అతికించే బదులు మొదట్లోనే పెట్టేశారు. నియమావళి విధించిన సంకెలనే కథకు వెన్నెముకగా చేసుకోవడం అంటే ఇదే. నెఫ్‌ను గ్యాస్ గదిలో చంపే దృశ్యాన్ని కూడా చిత్రీకరించి, చివరికి తీసివేశారు. కార్యాలయపు గుమ్మం దగ్గర కూలిపోయినవాడికి కీస్ అగ్గిపుల్ల వెలిగించి సిగరెట్టు ముట్టించడంతోనే చిత్రం ముగుస్తుంది. అంతకు ముందు చిత్రమంతా అగ్గిపుల్ల గీసింది నెఫ్, ముట్టించుకున్నది కీస్. ఆ చివరి అగ్గిపుల్ల ముందు గ్యాస్ గది దేనికి?

ఈ కొలతతో ఇప్పుడు మీ సరస్సు దగ్గరకు వెళదాము. 'లీవ్ హర్ టు హెవెన్' మొదలయ్యేసరికి ఎలెన్ భర్త రిచర్డ్ రెండేళ్ళ జైలు శిక్ష ముగించుకుని తిరిగి వస్తాడు. జరిగినదంతా అతడి న్యాయవాది మిత్రుడు ఇంకొకరికి చెప్పే గతం. అంటే పడవలో ఎలెన్ కూర్చునే సమయానికి, ఈ ఎండ ఎవరికీ మేలు చేయలేదని మనకు ముందే తెలుసు. 'అవుట్ ఆఫ్ ది పాస్ట్' కూడా కొండల మధ్య చిన్న ఊళ్ళో, పగటి వెలుగులో, ఒక పెట్రోలు బంకు దగ్గర ప్రారంభమవుతుంది. రాబర్ట్ మిచమ్ పాత్ర తన గతాన్ని రాత్రివేళ కారు నడుపుతూ ప్రియురాలికి చెబుతాడు. ఆ గతంలో జేన్ గ్రీర్ మెక్సికోలోని మధుశాలలోకి అడుగుపెట్టేది వీధిలోని ఎండ నుంచే. లానా టర్నర్ 'పోస్ట్‌మ్యాన్'లో దాదాపు చిత్రమంతా తెల్లబట్టల్లోనే కనిపిస్తుంది. 'క్యాట్ పీపుల్'లో భయం ముందు నుంచి వస్తుంది, అంటే ఏం జరగబోతుందోనని. నువార్‌లో అది వెనుక నుంచి వస్తుంది. మీ రెండు ఉదాహరణల మధ్య గీత నాకు అక్కడే కనిపిస్తోంది.

కటకం గారికి ఒక్క విన్నపం. నీడలు అలంకారమని నేను అనడం లేదు. ముఖంలో సగం మనకు తెలియని ప్రదేశమని మీరే రాశారు. ఆ తెలియని సగం దాదాపు ఎప్పుడూ ఆ మనిషి గతమే.

మధ్యాహ్నపుఆట

పైన ఒక చిన్న దిద్దుబాటు అవసరం. ఫిల్మ్ నువార్ అనే మాట 1946లోనే పుట్టిందన్నది పుస్తకాల్లో ఎంతగా స్థిరపడినా, పూర్తిగా సరి కాదు. 1930ల చివరలోనే ఫ్రెంచి పత్రికలు ఆ మాటను తమ సొంత చిత్రాల మీద, అదీ నిందగా వాడాయి. మార్సెల్ కార్నె 1938లో తీసిన 'పొగమంచు రేవు' కథ వంటివి, అంటే సైన్యం నుంచి పారిపోయినవాడు, రేవు పట్టణం, నెరవేరని ప్రేమ, చివర చావు ఉన్న చిత్రాలు దేశ నైతికబలాన్ని దెబ్బతీస్తున్నాయన్నది ఆనాటి సంప్రదాయవాద పత్రికల ఫిర్యాదు. 1946 నవంబరులో జాఁ-పియెర్ షార్టియే రాసిన వ్యాసం శీర్షికే 'అమెరికన్లు కూడా నల్ల చిత్రాలు తీస్తారు' అన్న అర్థంలో ఉంది. ఆ 'కూడా' అన్న మాట చూడండి. ఆ సరుకు తమదేనని ఫ్రెంచివారికి అప్పటికే తెలుసన్నమాట. అలాగే నిశీధి గారి కాలసూత్రం అందంగా ఉన్నా, అది 'ది మాల్టీస్ ఫాల్కన్'కు వర్తించదు. అందులో గతం చెప్పే స్వరం లేదు, వెనక్కి వెళ్ళే కథనం లేదు, కథ వరుసగా ముందుకే సాగుతుంది.

పాతరీలు

మధ్యాహ్నపుఆట గారి దిద్దుబాటును ఒప్పుకుంటున్నాను. పేరు పుట్టిందని కాకుండా, అమెరికన్ చిత్రాలకు అంటుకుందని రాసి ఉండవలసింది. 'మాల్టీస్ ఫాల్కన్' సంగతి కూడా నిజమే. అందుకే కొందరు దానిని నువార్‌కు మొదటి చిత్రమంటే, ఇంకొందరు ఆ స్థానాన్ని 1940లో ఆర్‌కేఓ సంస్థ విడుదల చేసిన 'స్ట్రేంజర్ ఆన్ ది థర్డ్ ఫ్లోర్'కు ఇస్తారు. బోరిస్ ఇంగ్‌స్టర్ దర్శకత్వం వహించిన ఆ చిన్న చిత్రంలో, తానే నిందితుడైనట్టు కథానాయకుడు కనే పీడకలలోని కటకటాల నీడలు మూసురాకా వేసినవే.

ముగింపు గురించి ఎవరూ అడగలేదు కానీ, చరిత్ర అంటూ మొదలుపెట్టాము కనుక దానినీ చెప్పాలి. ఆర్సన్ వెల్స్ 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958) దగ్గర గీత గీయడం వాడుక. ఆ నాటికి నువార్‌ను పోషించిన నేల అప్పటికే జారిపోయింది. 1948లో పారమౌంట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో స్టూడియోలు తమ థియేటర్లను వదులుకోవలసి వచ్చింది. పెద్ద చిత్రంతో ముడిపెట్టి చిన్న చిత్రాన్ని అంటగట్టే పద్ధతి పోయింది, దానితో చిన్న నేరకథా చిత్రానికి ఖాయంగా ఉండే తెర పోయింది. ఆ కథలు టెలివిజన్‌కు వెళ్ళాయి, థియేటర్లు రంగుల వైపు, విశాలమైన తెరల వైపు మళ్ళాయి.

దీనికంటే నన్ను ఎక్కువగా బాధించేది 1947 నాటి అమెరికన్ వ్యతిరేక కార్యకలాపాల విచారణ, అంటే హాలీవుడ్‌లో కమ్యూనిస్టుల కోసం అమెరికన్ చట్టసభ సంఘం జరిపిన వేట. ఫ్రాంక్ మెచ్చిన చిత్రాల్లో ఒకటైన 'మర్డర్, మై స్వీట్' దర్శకుడు ఎడ్వర్డ్ డిమిట్రిక్, నిర్మాత ఏడ్రియన్ స్కాట్ ఇద్దరూ ఆ విచారణలో సమాధానం చెప్పడానికి నిరాకరించి జైలుకు వెళ్ళిన పదిమందిలో ఉన్నారు. డిమిట్రిక్ తరువాత లొంగిపోయి సాక్ష్యం చెప్పాడు. 'గన్ క్రేజీ' (1950) చిత్రకథలో ఆ పదిమందిలోనే ఒకడైన డాల్టన్ ట్రంబో పాలు ఉన్నా, తెర మీద అతడి పేరు బదులు మిలార్డ్ కౌఫ్‌మన్ పేరు పడింది. ఇలాగే పని దొరకకుండా పోయిన దర్శకుడు జూల్స్ డాసిన్ అమెరికా విడిచి వెళ్ళి, 1955లో ఫ్రాన్స్‌లో 'రిఫిఫి' తీశాడు. దొంగలు పైఅంతస్తు నేలను తొలిచి కిందనున్న నగల దుకాణంలోకి దిగే ఆ అర్ధగంట ఘట్టంలో మాట గానీ సంగీతం గానీ ఉండదు. పారిస్‌లో పేరు పొందిన చిత్రాలను తీసినవారిలో ఒకడు చివరికి పని కోసం పారిస్‌కే చేరాడు.

నిశీధి

'మాల్టీస్ ఫాల్కన్' నా సూత్రానికి లొంగదు, ఒప్పుకుంటాను. దానిని నువార్‌కు మొదటి చిత్రంగా కాక, ఆ నవల రాసిన డాషియెల్ హామెట్ తరహా డిటెక్టివ్ కథ తెర మీద పండిన చిత్రంగా చూడటమే నాకు ఇష్టం. అందరూ దీనికి అంగీకరించాలని లేదు.

కటకం

నిశీధి గారి విన్నపానికి నా జవాబు ఒక చిత్రం పేరు. మూడోవరుస గారు, వీలైతే తరువాత 'ది హిచ్-హైకర్' (1953) చూడండి. దర్శకురాలు ఐడా లుపినో. ఆ కాలపు నువార్‌లో దర్శకత్వం వహించిన స్త్రీలు అరుదు. ఛాయాగ్రాహకుడు మళ్ళీ మన మూసురాకానే. చేపలు పట్టడానికి బయలుదేరిన ఇద్దరు మిత్రులు దారిలో ఒక హంతకుడిని కారు ఎక్కించుకుంటారు. అక్కడి నుంచి చాలా భాగం మెక్సికో ఎడారిలో, దాక్కోవడానికి చెట్టు నీడైనా లేని బట్టబయట సాగుతుంది. గతం చెప్పే స్వరం అందులోనూ లేదు, కనుక కాలసూత్రానికి అది కూడా లొంగదు. పదమూడేళ్ళ కింద పీడకల నిండా కటకటాల నీడలు వేసిన మనిషి, ఇక్కడ నీడ వేయడానికి గోడే లేని చోట ఏం చేశాడో చూడండి. ఆ హంతకుడి కుడికన్ను రెప్ప మూతపడదు. రాత్రి నిప్పు పక్కన పడుకున్నప్పుడు అతడు నిద్రపోయాడో, చూస్తూనే ఉన్నాడో ఆ ఇద్దరికీ తెలియదు. కెమెరా ఆ కంటికి దగ్గరగా వెళ్ళినా మనకూ తెలియదు.

మూడోవరుస

తప్పకుండా చూస్తాను. ఈలోగా సరస్సు దృశ్యాన్ని మళ్ళీ ఒకసారి పెట్టి చూశాను. కేకలు ఆగిన తరువాత కూడా ఎలెన్ వెంటనే కదలదు. ఒడ్డున చెట్ల మధ్య దారి వెంట భర్త వస్తున్నాడని తెలిశాకే ఆమె అరచి నీళ్ళలోకి దూకుతుంది. మొదటిసారి చూసినప్పుడు నా చూపంతా మునిగిపోతున్న కుర్రవాడి మీదే ఉంది. ఈసారి రిచర్డ్ జైలు నుంచి తిరిగి వచ్చిన మొదటి దృశ్యం మనసులో ఉండటం వల్ల కాబోలు, ఒడ్డున ఆ దారి మీద నుంచి కన్ను తిప్పలేకపోయాను.